అంతర్వాహిని

కావ్యంలో ఉండదగినవని మన ఆలంకారికులు చెప్పిన అష్టాదశ వర్ణనలలో సముద్రముంది, ఉద్యానవనముంది, జలక్రీడ ఉంది. ప్రబంధకవి ఏ పురాన్ని వర్ణించబూనినా దాని పక్కన ఒక నదినో, తామరలు పూచిన కొలనునో నిలపక మానడు. ఏడాదిలో కొన్ని నాళ్ళు మాత్రమే నీరుగాను, తక్కిన కాలమంతా ఇసుకగాను ఉండే ఏటిని మాత్రం ఏ లక్షణకర్తా తన పట్టికలో చేర్చలేదు. అటువంటి ఏటి ఒడ్డున ఉన్నది మా ఊరు పామిడి.

అనంతపురానికి, గుత్తికి నడుమ, పెన్నానది ఒడ్డున ఉంది పామిడి. హైదరాబాదు నుండి బెంగుళూరుకు పోయే జాతీయ రహదారి ఇక్కడనే పెన్నను దాటుతుంది. బస్సు వంతెన మీద పోతున్నంతసేపు ప్రయాణికులు కిటికీలోనుండి కిందికి చూస్తారు. కనుచూపు మేర ఇసుక, అక్కడక్కడ తుమ్మచెట్లు, మేస్తున్న గొర్రెలు. "నదంటే ఇదేనా!" అని నవ్వినవారిని నా విద్యార్థి దశలో ఎందరినో చూశాను. మా ఊరివారెవరూ ఆ నవ్వుకు బదులు చెప్పేవారు కారు. ఏటి సంగతి తెలియనివారితో వాదమెందుకని కాబోలు.

పెన్న కర్ణాటకలోని నందికొండల ప్రాంతంలో పుట్టింది. మొదట ఉత్తరంగా నడచి, మా ప్రాంతంలో తూర్పుకు మళ్ళి, తాడిపత్రిని, గండికోట లోయను, నెల్లూరును దాటి బంగాళాఖాతంలో కలుస్తుంది. మొత్తం 597 కిలోమీటర్ల నడక. పినాకిని అన్నది దీని సంస్కృత నామం. దక్షిణ పినాకిని తమిళదేశానికి పోతుంది కనుక మనది ఉత్తర పినాకిని. తిక్కన సోమయాజి నెల్లూరులో చూసిన పెన్న, మేము పామిడిలో చూసే పెన్న ఒకటే నది అంటే నమ్మడం కష్టం. పెండ్లి అయి దూరదేశం పోయిన ఆడపడుచు, పుట్టింటి పేదరికాన్ని అత్తవారింట చెప్పుకోనట్లు, అది అక్కడ నిండుగా కనిపిస్తుంది. మా వైపు ఏటి దైన్యాన్ని కావ్యవస్తువుగా చేసినవాడు మా జిల్లాలోని తరిమెలలో పుట్టిన విద్వాన్ విశ్వం. ఆయన 'పెన్నేటి పాట' లక్షణకర్తలు విడిచిన ఖాళీని పూరించింది.

ఒకసారి తరగతిలో నదీ వర్ణన చెబుతుండగా వెనుక వరుసలోని విద్యార్థి లేచి, "సార్, ఇంగ్లీషు పాఠాల్లో నదులు ఎప్పుడూ పారుతూనే ఉంటాయి. మన నదులకు ఏమి రోగం?" అని అడిగాడు. తరగతి అంతా నవ్వింది. కాని అది నవ్వి వదలవలసిన ప్రశ్న కాదు. ఇంగ్లండులోని థేమ్స్ నది పొడవు 346 కిలోమీటర్లు. మన పెన్న దానికంటె ఎంతో పెద్దది. లండను నగరంలో ఏడాదికి కురిసే వాన సుమారు 600 మిల్లీమీటర్లు. అనంతపురం జిల్లా సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. మబ్బు మనకు చేసిన అన్యాయం, చూడగా, అంత పెద్దదేమీ కాదు. అయినా థేమ్స్ ఒడ్డు పల్లెలలో ఏడాది పొడుగునా పడవలు నడుస్తాయి. మన పెన్నలో ఎద్దులబండ్లు నడిచేవి.

తేడా వాన పడే తీరులో ఉంది. అక్కడ వాన పన్నెండు నెలలకూ పంచినట్లు కొద్దికొద్దిగా కురుస్తుంది. ఎండ మెత్తనిది. నేల చాలాచోట్ల సుద్దరాతి నేల. పడిన వానను తాగి, నెమ్మదిగా ఊటలుగా నదికి అప్పగిస్తుంది. ఇక్కడ నైరుతి మేఘాలను పడమటి కనుమలే పిండుకొంటాయి. ఈశాన్య ఋతుపవనం సముద్రం నుండి ఇంత దూరం వచ్చేసరికి అలసిపోతుంది. ఏడాది వానలో అధికభాగం కొద్ది దినాలలోనే విరుచుకుపడి, గట్టి నల్లరాతి నేల మీద జారిపోతుంది. మిగిలినదాన్ని ఎండ తాగుతుంది. మా జిల్లాలో ఎండ ఆవిరి చేయగల నీరు కురిసే వానకు మూడింతలకు పైమాటే. నిత్యప్రవాహం అక్కడివారికి కూడ రాసి ఇచ్చిన ఆస్తి కాదు. 2022 వేసవి కరవులో థేమ్స్ పుట్టిన చోటు పూర్తిగా ఎండిపోయి, ప్రవాహం కొన్ని మైళ్ళు దిగువన గాని మొదలు కాలేదు.

మరి ఇంత ఎండలో మా పూర్వులు ఏటి ఒడ్డున ఊరెందుకు కట్టుకొన్నారు? దానికి జవాబు మా అవ్వ చెప్పింది. నాకు అప్పుడు ఏడెనిమిదేండ్లు. వేసవి పొద్దున అవ్వ వెంట బిందె పట్టుకొని ఏటికి పోయినపుడు, "ఏరు ఎండిపోయింది కదవ్వా, నీళ్ళేడుంటాయి?" అన్నాను. "ఏరు యాడికి పోతాది నాయనా? కింద పండుకోనుంది" అంది అవ్వ. నేను తరువాత చదివిన భూగర్భశాస్త్రం ఆ మాటకు వివరణ మాత్రమే. ఇసుక రేణువుల మధ్య దాదాపు మూడోవంతు ఖాళీ ఉంటుంది. ఏరు పారినపుడు ఆ ఖాళీలలో నీరు నిండుతుంది. పైనున్న రెండుమూడడుగుల ఇసుక ఎండినా, ఆ ఎండిన ఇసుకే కింది నీటికి కప్పు. చెరువు నీటిని తాగినట్లు సూర్యుడు ఈ నీటిని తాగలేడు.

ఆ నీటిని తీసే గుంటను చెలమ అంటారు. మా వైపు చెలిమె అనడమూ ఉంది. నెల్లూరు సీమలో దొరువు అనే మాట వినవస్తుంది. చెలమ తీయడం చూడటానికి తేలిక, చేయడానికి కాదు. ముందు చోటు ఎంచుకోవాలి. పొద్దెక్కినా ఇసుక ఎక్కడ నల్లగా చెమ్మగా ఉంటుందో, తుంగ ఎక్కడ పచ్చగా ఉంటుందో అవ్వ ఒడ్డు మీద నిలబడే చెప్పేది. పైనున్న వేడి ఇసుకను కాలితో నెట్టివేసి, చేతులతో తవ్వడం మొదలుపెట్టేది. గోడలు నిలువుగా తీస్తే విరిగి లోపల పడతాయి. అందుకని అంచులు వాలుగా తీయాలి. మోచేతి లోతుకు దిగేసరికి చల్లదనం తగిలేది. మొదట ఊరే నీరు మడ్డిగా ఉంటుంది. దాన్ని రెండుమూడుసార్లు కొబ్బరిచిప్పతో తోడి పారబోయాలి. తరువాత ఓపికగా కూర్చోవాలి. పిల్లలకు చేతకానిది ఆ కూర్చోవడమే. కాసేపటికి అడుగున ఇసుక రేణువులు కదలుతూ, గాజులాంటి నీరు ఊరుతుంది. చిప్పతో ముంచి, బిందె మూతికి కట్టిన పలుచని గుడ్డలో పోసుకోవాలి. ఉగాదినాటికి మోకాటి లోతులో దొరికే నీరు రోహిణీకార్తె వచ్చేసరికి నడుము లోతుకు దిగేది. కాని దొరకకుండా పోయిన వేసవి నా చిన్నతనంలో నాకు జ్ఞాపకం లేదు.

తాగే నీటి చెలమలు ఎగువన, బట్టలు ఉతుక్కొనేవి దిగువన, పశువులకు ఇంకా దిగువన ఉండేవి. ఇది ఎవరూ రాయని శాసనం. దాని పక్కన మరొక శాసనం కూడ ఉండేది, అదీ చెప్పాలి. ఇసుక కింద నీరు ఒకటే అయినా, పైన చెలమలు కులానికొకటి. తన పక్కన పది గజాల దూరంలో ఒక తల్లి వేరే గుంట తవ్వుకొంటుంటే, అందులోకి ఊరేది కూడ తన చెలమలోని నీరే అన్న సంగతి మా అవ్వకు తెలుసు. అయినా ఆ దూరం అలాగే ఉండేది. పాత ఊరును తలచుకొని మురిసిపోయేవారు ఈ మాట దాటవేయడం నాకు నచ్చదు.

సేద్యానికీ ఇసుక కింది ఏరే ఆధారం. ఏటి పడకలో ఏటవాలుగా పొడుగాటి కాలువ తీస్తే, రెండు పక్కల ఇసుకలోని నీరు అందులోకి ఊరి, తనంతట తానే ఒడ్డునున్న మడికి పారుతుంది. వీటిని ఊటకాలువలు అంటారు. బ్రిటిషువారి కాలపు జిల్లా గ్రంథాలలో వీటి ప్రస్తావన కనిపిస్తుంది. ఏరు వచ్చిన ప్రతిసారీ కాలువ పూడుతుంది. అప్పుడు ఆయకట్టులోని ప్రతి ఇంటినుండీ ఒక మనిషి పార తీసుకొని పోవలసిందే. రాని ఇంటికి నీటి వంతు లేదు.

ఇక బట్టల సంగతి. నూలుబట్ట మీద రంగుల అద్దకానికి పామిడికి పాతకాలం నుండి పేరుంది. అద్దకానికి ఎంత నీరు కావాలో చేసినవారికే తెలుసు. ఉతకాలి, రంగు ముంచాలి, మళ్ళీ ఉతకాలి, ఆరవేయాలి. ఆరవేయడానికి ఏటి ఇసుకకంటె మేలైన పరుపు ఏది? నేడు ఆ అద్దకం స్థానంలో కుట్టుమిషన్లు, తయారైన దుస్తుల వ్యాపారం వచ్చాయి. రహదారి మీద పోయేవారు పామిడిలో ఆగేది ఇప్పుడు బట్టల దుకాణాల కోసమే.

ఏరు రావడం మాకు పండుగ. మా ఊళ్ళో వరద వచ్చిందని అనరు, "ఏరొచ్చె" అంటారు, చుట్టం వచ్చినట్లు. ఎగువన ఎక్కడో వాన పడితే, ఇక్కడ ఆకాశం నిర్మలంగా ఉండగానే ఏరు వచ్చేది. ముందుగా ఒక హోరు. ఆపైన నురుగు, పుల్లలు, ఎండుటాకులు, వాటిమీద తేళ్ళు. వెనుక ఎర్రని నీరు నాలుక చాపినట్లు ఇసుక మీద పాకుతూ వచ్చేది. ఆడవాళ్ళు పసుపు, కుంకుమ, గాజులు తెచ్చి నీటిలో విడిచేవారు. భోగేశ్వరస్వామి గుడి దగ్గర నిలబడి, పెద్దలు నీటి ఎత్తును చూసి, ఈ ఏడు చెలమలు ఏ నెల దాకా పైనే ఉంటాయో లెక్క కట్టేవారు.

ఆ లెక్క తప్పడం ఎప్పుడు మొదలైందో ఒక తేదీ చెప్పలేను. ఎగువన మిడ్ పెన్నార్ జలాశయం ఉంది. తుంగభద్ర ఎగువ కాలువ నీరు దానిలో చేరుతుంది. దానివల్ల ఎన్నో వేల ఎకరాలు పచ్చబడ్డాయి. దాన్ని తప్పు పట్టను. అయితే ఆనకట్టకు దిగువనున్న ఏటికి వరదలు తగ్గాయి. ఒడ్డున బావులకు బదులు బోర్లు వచ్చాయి. మొదట వంద అడుగులు, తరువాత మూడువందలు, ఆ తరువాత ఇంకా కిందికి. ఆ లోతుల్లో దొరికిన నీటిలో చాలాచోట్ల ఫ్లోరైడు ఉంది. ఇవన్నీ ఏటిని కుంగదీశాయి. కాని చంపింది ఇవి కావు. రాతి ఇండ్లు, మట్టి మిద్దెలు పోయి కాంక్రీటు భవనాలు వచ్చినపుడు పట్టణాలకు ఇసుక కావలసి వచ్చింది. చీకటి పడగానే ఏట్లో ట్రాక్టర్ల దీపాలు కనబడసాగాయి. ఇసుక తవ్వకాన్ని అదుపు చేసే నిబంధనలతో 2002లో రాష్ట్రంలో జల, భూమి, వృక్ష పరిరక్షణ చట్టం వచ్చింది. చట్టం పగలు పనిచేసేది. ఏరు పోయినది రాత్రులలో. ఇసుక పోతే నీరు నిలిచే పాత్రే పోయినట్లు. నీరు లేని ఏటికి మళ్ళీ నీరు రావచ్చు. ఇసుక లేని ఏటికి నీరు వచ్చినా నిలవడానికి చోటు లేదు.

గయలోని ఫల్గు నదిని అంతర్వాహిని అంటారు. సీతాదేవి శాపంవల్ల అది ఇసుక కింద ప్రవహిస్తున్నదని పురాణకథ. పిండప్రదానానికి పోయినవారు ఇసుక తవ్వి నీరు తీసుకొనడం అక్కడి ఆచారం. 2022లో అక్కడ యాత్రికుల కోసం రబ్బరు ఆనకట్ట కట్టి నీరు నిలిపారు. పెన్నను ఎవరూ శపించినట్లు కథ లేదు.

కొన్నేండ్ల కిందట మా నాయన పోయాడు. పదవనాడు కర్మకు ఏటికి పోయాము. మా వంశంలో ఆ కర్మకు చెలమ నీరే వాడాలి. చిన్నాయన చోటు చూపించాడు. ఆయనకు అవ్వ నేర్పిన చూపే. నేను, తమ్ముడు తవ్వాము. రెండడుగుల ఇసుక తరువాత బంకమట్టి తగిలింది. పక్కన మరొకచోట తవ్వితే పార రాతి మీద మోగింది. మూడోచోటు లారీలు తవ్విన గుంట అంచు. అక్కడ చెమ్మ లేదు. ఎండ నెత్తికెక్కుతుండగా పురోహితుడు గడియారం చూసుకొన్నాడు. చివరకు తమ్ముడి కొడుకు మోటారు సైకిలు మీద ఊళ్ళోకి పోయి, దుకాణంలో ఇరవై లీటర్ల నీళ్ళ క్యాను కొని తెచ్చాడు. నడియేట్లో నిలబడి, ఆ క్యాను మూత విప్పాము.

పురోహితుడు ఆ నీటిలోకి పుణ్యనదులను ఆహ్వానించే శ్లోకం చదివాడు. గంగ, యమున, గోదావరి, సరస్వతి, నర్మద, సింధువు, కావేరి. ఏడు నదులు. మంత్రం ముగియగానే చిన్నాయన చేయెత్తి ఆపాడు.

"సామీ, పెన్న పేరు రాలేదే?"

"శ్లోకంలో లేదయ్యా" అన్నాడు పురోహితుడు.

"మా యన్న ఎనబై యేండ్లు తాగింది ఈ ఏటి నీళ్ళే. గంగను నువ్వు పిలిచినావు, బాగుంది. ఈయమ్మను గూడా పిలువు."

పురోహితుడు ఒక్క క్షణం ఆలోచించి, చెంబు మీద చేయి ఉంచి, శ్లోకం మళ్ళీ మొదటినుండి చదివి, చివర పినాకిని పేరు చేర్చాడు. నేను దోసిలి పట్టాను. క్యాను నీరు వేళ్ళ సందుల్లోనుండి ఇసుక మీద పడింది.