మెడ మీద సూది, మెడ మీద కాడి

హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లేవాళ్లు నల్లగొండ జిల్లా డిండి దాటి, మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర టీ తాగి, కోతుల్ని చూసి ముందుకు సాగిపోతారు. అక్కణ్నుంచి పక్కదారిలో అమ్రాబాద్ వెళ్లేవాళ్లు తక్కువే. వెళ్తే మాత్రం తెల్లటి ఒంటిమీద గోధుమరంగు మచ్చలున్న పశువుల మందలు ఎదురవుతాయి. అవే పొడ తూర్పు పశువులు. పొడ అంటే మచ్చ. పాలమూరుకు తూర్పున ఉన్న నల్లమలవి కాబట్టి తూర్పు. 2020లో వీటికి ప్రత్యేక జాతిగా గుర్తింపు దక్కింది. రాళ్ల నేలల్లోనూ అలుపులేకుండా దున్నుతాయని ఈ ఎద్దులకు పేరు.

అంతటి ఎద్దునూ రెండు మిల్లీలీటర్ల మందు ఇబ్బంది పెడుతుంది! గాలికుంటు టీకాను మెడ కండలోకి వేస్తారు. నూనె కలిపిన మందు అక్కడే నిలిచి మెల్లగా పనిచేస్తుంది. అందుకే రక్షణ ఎక్కువకాలం ఉంటుంది, సూది పడ్డచోట వాపూ నొప్పీ వస్తాయి. కాడి ఒరుసుకునేదీ ఆ మెడకే కదా! దుక్కుల వేళ టీకా అంటే వెనకాడే రైతులు లేకపోలేదు. అదును తప్పితే పంటే పోతుందన్న లెక్క వాళ్లది. కానీ గాలికుంటే సోకితే నోట్లో, గిట్టల మధ్య పుండ్లు పడి ఎద్దు వారాల తరబడి మూలన పడుతుంది. 2019లో మొదలైన జాతీయ కార్యక్రమం ఆరు నెలలకోసారి టీకా వేయాలంటుంది. తొలకరికి కనీసం వారం ముందే వేయించుకుంటే పేచీ ఉండదు.

టీకా తర్వాత రెండు మూడు రోజులు కాడి కట్టకూడదు. అలాగని కట్టుకొయ్యకే వదిలేయకూడదు. నెమ్మదిగా నడిపిస్తే కండ వదులవుతుంది. మొదటిరోజు తడిగుడ్డ, ఆపైన గోరువెచ్చని కాపడం చాలు. గట్టిగా పిసకడం, వాతలు పెట్టడం వద్దే వద్దు. నొప్పి మాత్రలు పశువైద్యుడు చెబితేనే.

గుర్రాలు పెంచేవాళ్లకు ఇంకో సంగతి తెలుసు. మెడలో టీకా పడ్డ గుర్రం తల వంచలేక, ఆకలున్నా నేలమీది గడ్డి ముట్టదు. జబ్బు చేసిందని కంగారుపడతారు. గడ్డీ నీళ్లూ ఛాతీ ఎత్తులో పెడితే తినేస్తుంది. ఎద్దుకూ అలా పెట్టి చూడొచ్చు.

రైతు అసలు భయం జబ్బవాపు. టీకా గడ్డ సూది పడ్డచోటే ఉండి, రోజులు గడిచేకొద్దీ కరుగుతుంది. ఒక్కోసారి వారాలూ పట్టొచ్చు. భుజమో తొడో ఉబ్బి, నొక్కితే కరకరలాడుతూ, జ్వరంతో కుంటుతుంటే మాత్రం జబ్బవాపే అయ్యుండొచ్చు. అప్పుడు తెల్లారేదాకా ఆగకూడదు. టీకా వేసిన కాసేపటికే ఆయాసపడి కూలబడినా అంతే. అందుకే సూది వేశాక డాక్టరు ఊరు దాటేలోపు పశువును ఒక కంట కనిపెట్టాలి.