చదివితే జీతమిస్తారా?

మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్న మొదటివాణ్ణి నేను. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చివరి సంవత్సరంలో ఉండగా పీహెచ్‌డీ చేస్తానంటే, గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు మోసే మా నాన్న రెండే ప్రశ్నలు అడిగాడు.

“ఇంకా ఎన్నేళ్ళురా?”

“అయిదేళ్ళు నాన్నా.”

“ఫీజెంత?”

నాకు తెలియదు. అది డబ్బున్నవాళ్ళ చదువనుకుని ఆ రోజే ఆశ వదులుకున్నాను.

నవంబరులో మన హాస్టల్ సీనియర్ అన్న ఒకాయన కలిసి అసలు సంగతి చెప్పాడు. సైన్సులో సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ రాసి జేఆర్ఎఫ్ సాధిస్తే మనకే నెలనెలా ఫెలోషిప్ ఇస్తారు. 2023 జనవరి నుంచి అమలైన రేట్ల ప్రకారం మొదటి రెండేళ్ళు నెలకు 37,000 రూపాయలు, తర్వాత 42,000. ఇంజనీరింగ్ వాళ్ళకు గేట్ స్కోరు దారి చూపుతుంది. కెమిస్ట్రీ వాళ్ళూ గేట్ రాయవచ్చు. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు, ఆడపిల్లలకు గేట్ ఫీజు సగమే. కానీ అప్పటికే ఆ ఏటి గేట్ దరఖాస్తుల గడువు దాటిపోయింది. తెలియకపోవడం వల్లే నాకు ఆ అవకాశం పోయింది.

నెట్ మొదటిసారి తప్పాను. రెండోసారి జేఆర్ఎఫ్ వచ్చింది. ఇక సీటు వచ్చినట్లేనని సంబరపడ్డాను. అదీ పొరపాటే. జేఆర్ఎఫ్ వచ్చినా గైడును, సంస్థను మనమే వెతుక్కోవాలి. ఒకే ఉత్తరాన్ని ఇరవై మంది ప్రొఫెసర్లకు ఈమెయిల్ చేశాను. ఒక్కరూ జవాబివ్వలేదు. తర్వాత ఒక ప్రొఫెసర్ గారి పరిశోధనా పత్రాలు రెండు చదివి, నాకు అర్థమైనదీ కానిదీ రాశాను. మూడో రోజున జవాబు వచ్చింది.

మొదటి ఇంటర్వ్యూలో బట్టీపట్టినదంతా అప్పజెప్పాను. సెలెక్ట్ కాలేదు. రెండో దాంట్లో నా ఎమ్మెస్సీ ప్రాజెక్టులో ఏ ప్రయోగం చెడిపోయిందని అడిగారు. ఉన్నదున్నట్లు చెప్పి, ఎందుకు చెడిందో బోర్డు మీద రాసి చూపించాను. సీటు వచ్చింది.

తమ్ముళ్ళూ, డిగ్రీలో ఉన్నప్పుడే ఈ పరీక్షల పేర్లు తెలుసుకోండి. గేట్ దరఖాస్తులు సాధారణంగా ఆగస్టు, సెప్టెంబరుల్లో మొదలవుతాయి. పరీక్ష ఫిబ్రవరిలో ఉంటుంది. ఎమ్మెస్సీ చివరి సంవత్సరంలో ఉండగానే నెట్ రాయవచ్చు. కుల ధ్రువీకరణ పత్రం, మార్కుల మెమోలు ట్రంకుపెట్టెలో సిద్ధంగా ఉంచుకోండి. ఇంకో మాట. ఫెలోషిప్ డబ్బు మొదటి నెల నుంచే చేతికి రాకపోవచ్చు. కొన్ని నెలల ఖర్చుకు ముందే చూసుకోండి.

వచ్చే నెలలో చేరుతున్నాను. నాన్నకు చెబితే, “చదివితే జీతమిచ్చేదెవరురా? ఎవరన్నా మోసం చేస్తున్నారేమో చూసుకో” అన్నాడు. కాగితం చూపించాను. చదవడం రాకపోయినా అంకెలు గుర్తుపడతాడు. 37,000 మీద వేలు పెట్టి చాలాసేపు చూశాడు. మరునాడు తెల్లవారుజామునే ఎప్పటిలాగా యార్డుకు వెళ్ళాడు. మొదటి జీతం చూశాకే నమ్ముతాడట.

నాకు నవంబరులో తెలిసిన మాట మీకు ఇప్పుడే తెలియాలని ఇదంతా రాశాను. మీకు తెలిశాక మీ పక్క మంచం తమ్ముడికి కూడా చెప్పండి.