తాత తలలో గాలి



కుప్పం ఆసుపత్రికి మాతోబాటు వచ్చినవాళ్లకు ఈ సంగతి సగం తెలుసు. మిగతా సగం మేము చెప్పాల్సి ఉంది. తాత ఒప్పుకున్నాడు గనుక రాస్తున్నాము, పేరు మాత్రం వద్దన్నాడు.

తాతది పుంగనూరు దగ్గర పల్లె. టమోటా కాలంలో తెల్లవారకముందే క్రేట్లతో మదనపల్లె మార్కెట్టుకు పోయే మనిషి. ఒకరోజు క్రేటు దించుతూ ఆటో కమ్మీకి తల కొట్టుకున్నాడు. బొప్పి కూడా సరిగా కట్టలేదు. టీ తాగి, డబ్బు లెక్క చూసుకుని ఇంటికొచ్చేశాడు. మూడు వారాలు పోయాక కుడికాలు ఈడ్చడం మొదలైంది. ఆరాధనలో పాట మధ్యలో ఆగిపోయి, ఎక్కడున్నాడో తెలియనట్టు చూసేవాడు. "వయసైపోయింది లెండి అయ్యగారూ" అన్నది అవ్వ. మేమూ అవునన్నాము. అది మా మొదటి తప్పు.

మదనపల్లెలో స్కాను తీస్తే పుర్రెకూ మెదడుకూ మధ్య పాత రక్తం కనబడింది. వయసు మళ్లినవాళ్లకు మెదడు కొంచెం కుంచించుకుంటుందట. దాని పైనుండే సన్నటి నరాలు సాగి ఉంటాయి. చిన్న దెబ్బకే తెగి, రక్తం వారాల తరబడి నెమ్మదిగా ఊరుతుంది. కుప్పంలో పుర్రెకు రెండు చిన్న రంధ్రాలు పెట్టి ఆ రక్తాన్ని కడిగి తీశారు. సాయంత్రానికే తాత కాలు కదిపాడు. దేవునికి స్తోత్రం చెప్పుకున్నాము.

మరుసటి రోజు స్కాను చూసి డాక్టరు ఆయన కొడుకుతో, "తలలో కొంచెం గాలి చేరింది" అన్నాడు. కొడుకు ఫోన్లో తన చెల్లెలికి చెప్పాడు, ఆమె పక్కింటామెకు చెప్పింది. పొద్దు గూకేసరికి పల్లెలో ఆ మాట వేరే అయిపోయింది. మన దగ్గర గాలి సోకిందంటే ఏమిటో మీకు చెప్పనక్కర్లేదు. మార్కెట్టు దారిలో చింతచెట్టు కింద సోకిందని ఒకరు, కాదు ఆసుపత్రిలోనే పట్టిందని ఒకరు. మన సంఘంలోవాళ్లే ఇద్దరు వచ్చి, "అయ్యగారూ, ఉపవాసముండి వెళ్లగొడదాము" అన్నారు. మేము కాదని గట్టిగా చెప్పలేదు. ప్రార్థన చేస్తే పోయేదేముందిలే అనుకున్నాము. బైబిలు మూల భాషల్లో గాలికీ ఆత్మకూ ఒకే మాట అని ప్రసంగాల్లో ఎన్నిసార్లు చెప్పామో! ఆ రోజు ఆ రెంటినీ విడదీసి చెప్పే నోరు మాకు రాలేదు.

ఆదివారం ఆరాధన ముగిశాక టెంపో కట్టించుకుని పద్నాలుగు మందిమి పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం చేరాము. ఇద్దరిని పంపుతామంటే ఆరుగురం దూరాము. తాత దిండు లేకుండా వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ముఖానికి ఆక్సిజన్ మాస్కు. కరోనా చూసిన కళ్లు మనవి, ఆ మాస్కు చూస్తేనే గుండె జారిపోతుంది. "ఆక్సిజన్ పెట్టేసినారయ్యా" అని అవ్వ మా చేతులు పట్టుకుని ఏడ్చింది. ఇక ఆఖరే అనుకున్నాము మేము కూడా. వెళ్లిపోతున్నవారి కొరకు చేసే ప్రార్థన గొంతెత్తి చేశాము. ఆ తర్వాత మాలో ఒకరు, "మాస్కు తీస్తే తాత కూడా ఆమేన్ అంటాడు" అన్నారు. తల కింద చెయ్యి వేసి లేపాము.

నర్సు పరుగెత్తుకొచ్చింది. మా కూతురి వయసు ఉంటుంది. "ఎవరు లేపమన్నారు మిమ్మల్ని?" అని గట్టిగా అడిగి, అందర్నీ బయటికి పంపింది. అడగాల్సిందే.

తర్వాత డాక్టరు మమ్మల్ని కూర్చోబెట్టి కాగితం మీద బొమ్మ గీసి చెప్పాడు. రక్తం తీసేసిన చోట ఖాళీ ఏర్పడుతుంది. ఇన్నాళ్లు నలిగి ఉన్న మెదడు ఒక్కరోజులో ఆ ఖాళీని నింపలేదు. ఆపరేషన్ వేళ లోపలికి పోయిన గాలి అక్కడ నిలుస్తుంది. ఇలాంటి ఆపరేషన్ల తర్వాత కొద్దోగొప్పో గాలి ఉండటం మామూలే. ఎక్కువమందిలో కొన్ని రోజుల నుండి రెండు మూడు వారాల లోపల రక్తంలోకి ఇంకిపోతుంది. మనం పీల్చే గాలిలో ఐదింట నాలుగు పాళ్లు నైట్రోజనే. రోగి ఆక్సిజన్ ఎక్కువగా పీలిస్తే రక్తంలో నైట్రోజన్ తగ్గుతుంది. అప్పుడు తలలో చిక్కిన నైట్రోజన్ రక్తంలోకి దిగి, ఊపిరితో బయటికి పోతుంది. అంటే గాలిని వెళ్లగొడదామని పోయిన మేము, ఆ గాలిని వెళ్లగొడుతున్న మాస్కునే తీయబోయామన్నమాట.

ఏ కొద్దిమందిలోనో అది ప్రమాదమవుతుంది. సైకిల్ ట్యూబు వాల్వు మాదిరి గాలి లోపలికి పోతుంది గానీ బయటికి రాదు. మెదడు ముందు భాగాలు రెండూ నొక్కుకుని, స్కానులో ఫూజీ కొండ శిఖరంలా కనబడతాయట. తాతకు జరిగినలాంటి ఆపరేషన్ల తర్వాతే అలా అయిందని జపాను వైద్యులు 1988లో రాశారు. అప్పుడు సూదితోనో, రంధ్రం తెరిచో వెంటనే గాలి తీయాలి. అందుకే తలనొప్పి పెరిగినా, వాంతులైనా, మగత కమ్మినా, ఫిట్స్ వచ్చినా, ముక్కులోంచి గానీ కుట్లలోంచి గానీ నీళ్లలాంటిది కారినా, మాకు ఫోన్ చేయకండి. డాక్టరును పిలవండి.

గాలిని కావాలనే లోపలికి పంపిన కాలమూ ఉంది. 1918, 1919లో అమెరికాలోని బాల్టిమోరులో వాల్టర్ డాండీ అనే సర్జన్ మెదడు లోపలి గదుల్లోకి గాలి పంపి ఎక్స్‌రేలు తీశాడు. 1970లలో స్కాను వచ్చేదాకా వైద్యులు ఆ పద్ధతి వాడారు. అంత దూరమెందుకు, మన మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో, క్షయకు మందులు రాని రోజుల్లో, రోగుల ఛాతీలోకి గాలి ఎక్కించి ఊపిరితిత్తికి విశ్రాంతి ఇచ్చేవాళ్లు. ఆ గాలికి ఎవరూ దయ్యం పేరు పెట్టలేదు.

తర్వాతి ఆదివారం ప్రసంగానికి ముందే ఇదంతా సంఘంలో చెప్పాము. ఉపవాసం అడిగిన ఇద్దరూ తల వంచుకున్నారు, వాళ్లకంటే ముందు మేము వంచుకున్నాము.

తాతను ఇంటికి పంపేటప్పుడు, డాక్టరు చెప్పేదాకా ముక్కు చీదకూడదనీ, తుమ్ము వస్తే ఆపుకోకుండా నోరు తెరిచి తుమ్మాలనీ, దొడ్డికి పోయినప్పుడు ముక్కకూడదనీ, బరువులు ఎత్తకూడదనీ, విమానం ఎక్కకూడదనీ చెప్పారు. విమానం మాటకు తాత నవ్వాడు. ముక్కుపొడి మానాలన్నప్పుడు మాత్రం నవ్వలేదు. మూడు వారాలకు తీసిన స్కానులో గాలి లేదు.

మొన్న ఆరాధనకు వచ్చి వెనక వరుసలో కూర్చున్నాడు. అందరూ పోయినాక దగ్గరికి పిలిచాడు.

"అయ్యగారూ, ఆ పొద్దు మీరు నన్ను సాగనంపినారు కదా. అంతా వినబడింది. నేను పోలేదయ్యా, పోలేదయ్యా అని మాస్కులోంచి అంటానే ఉన్నాను. మీ గొంతులో నా మాట యాడ వినబడుతుంది!"

మాకు మాట రాలేదు. క్షమించమని ఆయన రెండు చేతులూ పట్టుకున్నాము. తాత కాసేపు ఊరుకుని, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటున్న అవ్వ వైపు చూసి, మెల్లగా అన్నాడు. "అదంతా సరేలే అయ్యా. ఆ ముక్కుపొడి డబ్బీ యాడ దాచిందో కొంచెం అడిగి పెట్టండి."