మూసాపేట నుంచి మూసీ పుట్టిన గుట్టకు

హైదరాబాద్‌లో మౌంటెన్ బైకులు అమ్మే దుకాణాలకు లోటు లేదు. లేనిదల్లా మౌంటెనే. ముందు ఫోర్కులో స్ప్రింగులు, రెండు చక్రాలకూ డిస్క్ బ్రేకులు, మొసలి వీపులాంటి టైర్లు, ఇరవై పైచిలుకు గేర్లు. ఇంత సరంజామా ఉన్న బండి అపార్ట్‌మెంటు సెల్లార్లో స్కూటర్ల సందున దుమ్ము కొట్టుకుపోతూ ఉంటుంది. ఎప్పుడైనా బయటికి తీసినా నెక్లెస్ రోడ్డు దాకానే.

అలాంటి బండికి పని చెప్పే దారి మూసాపేట ముంగిట్లోనే మొదలవుతుంది. కైతలాపూర్ మీదుగా సైబర్ టవర్స్, అక్కణ్నుంచి నానక్‌రాంగూడ, తర్వాత బీజాపూర్ రోడ్డు పట్టుకుని వికారాబాద్, చివరికి అనంతగిరి. దాదాపు 90 కిలోమీటర్లు. మూసీకి ఎదురెక్కే దారి ఇది. ఆ గుట్టల్లో పుట్టిన నది గండిపేట చెరువును నింపి, నగరం మధ్యగా సాగి, నల్గొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. మనం నది చివరికి కాదు, మొదటికి పోతున్నాం.

తెల్లవారుజామున ఐదింటికి మూసాపేట నిద్ర లేస్తుందనుకుంటే పొరపాటు. భరత్‌నగర్ కూరగాయల మార్కెట్‌కు అప్పటికే సగం రోజు గడిచిపోయి ఉంటుంది. టమాటా ట్రేలు దించే ఆటోలు, కొత్తిమీర మూటల మీద గోనెసంచి తడిపి కప్పే ఆడవాళ్లు, మెట్రో పిల్లర్ల కింద ముంబై హైవే లారీలు. వీటి మధ్య నుంచి సైకిల్‌ను తప్పించి కైతలాపూర్ వైపు తిప్పితే చాలు, చప్పుడు సగానికి తగ్గుతుంది. ఎంఎంటీఎస్ పట్టాల మీది వంతెన 2022 జూన్‌లో తెరిచారు. అంతకుముందు ఇటువాళ్లు హైటెక్ సిటీకి పోవాలంటే జేఎన్‌టీయూ, మలేషియన్ టౌన్‌షిప్ చుట్టూ తిరగాల్సిందే. వంతెన ఎక్కేముందు ఫోర్కు మీది లాకౌట్ మీట బిగించుకోవాలి. లేకపోతే కాళ్ల బలమంతా స్ప్రింగులే తినేస్తాయి. తారురోడ్డు మీద మౌంటెన్ బైక్‌కు స్ప్రింగులు దండగ.

సైబర్ టవర్స్‌ను 1998 నవంబరులో వాజ్‌పేయి ప్రారంభించారు. అప్పటి ఫొటోలు చూసినవాళ్లకు గుర్తుంటుంది. గుండ్రటి భవనం ఒక్కటే, చుట్టూ గుండ్లు, తుప్పలు. ఇప్పుడు ఆ గుండ్లు ఎక్కడున్నాయని అడిగితే చూపించడానికి దుర్గం చెరువు ఒడ్డున కొన్ని, ఖాజాగూడలో కొన్ని మిగిలాయి. చెరువు మీద 2020 సెప్టెంబరులో తెరిచిన తీగల వంతెన దగ్గర సెల్ఫీలు దిగేవాళ్లు వంతెన వైపు తిరుగుతారు కానీ వెనకున్న బండల వైపు తిరగరు. వాటి వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. భూమి మీద ఇంత పాత రాయి మీద సైకిల్ తొక్కే అవకాశం అందరికీ రాదు. గరుకు గ్రానైటు మీద టైరు పట్టే పట్టు చూస్తే ముచ్చటేస్తుంది. ఎండి ఉన్నంతసేపూ జారదు. తడిస్తే మాత్రం దిగి నడిపించుకోవడం మంచిది. ఈ రాళ్ల కోసం 1996 నుంచి సొసైటీ టు సేవ్ రాక్స్ వాళ్లు పోరాడుతున్నారు. ఇన్నేళ్లు పోరాడితే మిగిలినవి ఇవి.

అసలు మౌంటెన్ బైకింగ్ అనే ఆట పుట్టింది కూడా గుట్టల మీదే, ఆటబొమ్మల్లాంటి ఖరీదైన బళ్ల మీద కాదు. కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో, ఫెయిర్‌ఫ్యాక్స్ ఊరికి దగ్గర్లో, కొందరు కుర్రాళ్లు పాత బరువు సైకిళ్లు పైకి మోసుకుపోయి మట్టిబాటలో కిందికి వదిలేవారు. 1976 అక్టోబరులో దాన్నే పందెంగా పెట్టారు. మూడు కిలోమీటర్ల దారిలో 400 మీటర్ల దిగుడు. ఆ సైకిళ్లకు పెడల్ వెనక్కి తొక్కితే పడే బ్రేకు ఒక్కటే దిక్కు. కిందికి చేరేసరికి హబ్బు కాలిపోయి గ్రీజంతా పొగైపోయేది. ప్రతి దిగుడు తర్వాతా కొత్త గ్రీజు కూరాల్సి రావడంతో ఆ దారికి రీప్యాక్ అనే పేరు స్థిరపడింది. 1977లో జో బ్రీజ్ ఈ పనికోసమే ఒక సైకిల్ తయారుచేశాడు. ఇరవై ఏళ్లు తిరక్కుండానే, 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో ఇదొక పోటీ అయింది. గుట్ట ముందు, సైకిల్ తర్వాత. మన ఐటీ కారిడార్‌లో వరస తిరగబడింది. సైకిళ్లు వచ్చాయి, గుట్టలు పోయాయి.

నానక్‌రాంగూడ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సైకిల్ ట్రాక్ మొదలవుతుంది. 2023 అక్టోబరు 1న ప్రారంభించారు. మొత్తం 23 కిలోమీటర్లు. ఇక్కణ్నుంచి పోలీస్ అకాడమీ దాకా ఎనిమిదిన్నర, నార్సింగి నుంచి కొల్లూరు దాకా పద్నాలుగున్నర. నాలుగున్నర మీటర్ల వెడల్పు, పైన సోలార్ పలకల కప్పు, ఆ పలకల సామర్థ్యం 16 మెగావాట్లు. దక్షిణ కొరియాలో చూసొచ్చి కట్టారు. నీడ నిజమే, నునుపు నిజమే, రాత్రి దీపాలూ నిజమే. రోడ్డు సైకిల్ వాళ్లకు ఇది వరం, వంక పెట్టను. కానీ మూసాపేట నుంచి ఇక్కడి దాకా సైకిల్‌కంటూ ఒక అడుగు చోటు లేదు. అందుకే చాలామంది సైకిల్‌ను కారు వెనక కట్టుకొచ్చి, ఇక్కడ దించి, తొక్కి, మళ్లీ కట్టుకుపోతారు. మౌంటెన్ బైక్‌కైతే ఈ ట్రాక్ మీద పనే లేదు. మధ్యలో మంచిరేవుల దగ్గర మూసీ మొదటిసారి కలుస్తుంది. గండిపేట గేట్లు ఎత్తిన రోజుల్లో సర్వీసు రోడ్డు మీదికి ఎక్కి మరీ కలుస్తుంది.

పోలీస్ అకాడమీ దగ్గర ట్రాక్ అయిపోతుంది, బీజాపూర్ రోడ్డు మొదలవుతుంది. కుడివైపు లోపల గండిపేట. 1908 వరదల తర్వాత కట్టి 1920లో పూర్తిచేసిన చెరువు. దాని ఒడ్డున చిలుకూరు బాలాజీ. వీసా కోసం పదకొండు ప్రదక్షిణలు, వచ్చాక నూటెనిమిది. ఆల్ప్స్‌లో సైకిల్ తొక్కాలనే కోరికతో ఇక్కడ తిరిగినవాళ్లూ ఉండే ఉంటారు.

మొయినాబాద్ దాటాక మర్రిచెట్లు. నిజాం కాలం నాటివి, మన్నెగూడ దాకా దాదాపు తొమ్మిదొందలు ఉన్నాయి. పోలీస్ అకాడమీ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల రోడ్డును నాలుగు వరసలు చెయ్యాలన్నప్పుడు వీటిని కాపాడమని కొందరు గ్రీన్ ట్రిబ్యునల్ దాకా వెళ్లారు. రోడ్డు ఇరుకు, ప్రమాదాలు ఎక్కువ, వెడల్పు చెయ్యక తప్పదన్నదీ నిజమే. ఒకటి మాత్రం చెప్పగలను. మే నెలలో ఈ మర్రిచెట్ల కింద తొక్కినవాడికి సోలార్ కప్పు గొప్పగా అనిపించదు.

చేవెళ్ల దగ్గర మెయిన్ రోడ్డు వదిలి చేలగట్లమ్మట బండ్లబాట పడితే అక్కడ మొదలవుతుంది అసలు తొక్కుడు. లాకౌట్ వదలాలి, టైర్లలో గాలి కాస్త తగ్గించాలి. గ్రానైటు మొరం నేల ఇక్కడ మెల్లగా నల్లరేగడికి మారుతుంది. ఆరున్నర కోట్ల ఏళ్ల కిందట పారిన లావా మిగిల్చిన నేల. పత్తికీ కందికీ బంగారం, సైకిల్‌కు యముడు. వాన వెలిసిన మర్నాడు ఆ బాటలో నాలుగు చుట్లు తిరిగేసరికి మట్టి టైరుకు అంటుకుని, దానిమీద గడ్డి, మళ్లీ మట్టి, చివరికి ఫోర్కు సందులో బిగుసుకుపోయి చక్రం ఆగిపోతుంది. పత్తికట్టె విరిచి గీకడం తప్ప మార్గం లేదు. అలా గీకుతుంటే గట్టు మీద మేకలు కాసే పెద్దాయన వచ్చి నిలబడ్డాడు.

"ఎంతకు కొన్నవ్ బిడ్డా?"

"నలబై వేలు తాతా."

"గా పైసలకు నాలుగు మేకలొస్తుండె గద. గవైతే పిల్లలన్న పెడతయ్."

జవాబు తోచలేదు. ఇంకో పుల్ల విరిచి ఇచ్చాడు.

ఈ చేలు ఇంకా చేలుగా మిగలడానికి 1996 నాటి 111 జీవో పెద్ద కారణం. గండిపేటతో కలిపి జంట జలాశయాల చుట్టూ 84 గ్రామాల్లో కట్టడాలను కట్టడి చేసింది. 2022లో దాన్ని సడలిస్తూ మరో జీవో వచ్చింది. అప్పట్నుంచి గట్ల మీద మైలురాళ్ల కంటే వెంచర్ల బోర్డులే ఎక్కువ కనిపిస్తున్నాయి.

మన్నెగూడ దాటితే పూడూరు మండలం, దామగుండం అడవి. హైదరాబాద్ మౌంటెన్ బైకర్లకు, ట్రెక్కింగ్ వాళ్లకు ఏళ్లుగా అలవాటైన చోటు. అందులో 2,900 ఎకరాలు నావికాదళం రేడియో కేంద్రానికి ఇచ్చారు. సముద్రంలో మునిగి ఉండే జలాంతర్గాములతో మాట్లాడే కేంద్రం. 2024 అక్టోబరు 15న శంకుస్థాపన జరిగింది. దేశానికి అవసరమే కావచ్చు. కానీ మూసీ పరీవాహకంలో అడవి మళ్లీ పెరిగేది కాదు.

వికారాబాద్ నుంచి అనంతగిరి చివరి ఎక్కుడు. నేల మరోసారి రంగు మారుతుంది. లావా రాయి మీద బుడిపెలు బుడిపెలుగా తేలిన ఎర్రటి లాటరైట్. అడవి లోపలి కాలిబాటల్లో ఈ ఎర్రరాయి, దాని మీద ఎండుటాకులు, ఆకుల కింద వేళ్లు. దిగేటప్పుడు సీటు కాస్త దించి, నడుం వెనక్కి వేసి, బ్రేకు మీద ఒక్క వేలే ఉంచి, చూపు పదిగజాల ముందుకు పెట్టాలి. చక్రం కింద చూసినవాడు పడతాడు. లదాఖ్ పోయే కుర్రాళ్లు ఇక్కడే సాధన చేస్తామంటారు. దిగుడు నేర్చుకోవచ్చు, ఒప్పుకుంటాను. 5,359 మీటర్ల ఖార్దుంగ్‌లా మీది పల్చటి గాలిని మాత్రం ఏ అనంతగిరీ నేర్పదు. లేహ్‌లో 2022లో మౌంటెన్ బైక్ ప్రపంచకప్ పోటీ ఒకటి జరిగింది. మన గుట్టల్లో అలాంటివి జరగాలని నా కోరికేం లేదు. పోటీ పెడితే వెంటనే బాట చదును చేస్తారు.

పద్మనాభస్వామి గుడి, పాత క్షయ ఆసుపత్రి, లోయలోకి దిగే మెట్లు. మూసీ ఇక్కడ నదిలా ఉండదు. అడవిలో ఊరే ఊట నీరు, అంతే.

వెళ్లాలనుకునేవాళ్లకు రెండు మాటలు. కార్తీకంలో జాతర రద్దీ, దాని తర్వాత పోండి. సర్కారు తుమ్మ ముళ్లున్నాయి, ఒక ట్యూబు చాలదు, రెండు పెట్టుకోండి. రోడ్డు వెడల్పు చేసే అధికారులకు ఒక విన్నపం. తారు ఎంతైనా పోసుకోండి, మర్రిచెట్ల పక్కన రెండు మీటర్ల మొరం బాట మాత్రం అలాగే వదిలెయ్యండి. మేకల తాతకూ అదే దారి.