‘అర్థమైందా?’ అని అడగడం మానేశాక...

‘అర్థమైందా?’

‘అయింది సా...ర్!’

ఐటీఐ తరగతి గదిలో ఈ ప్రశ్న, ఈ జవాబు రోజుకు ఎన్నిసార్లు వినిపిస్తాయో లెక్కలేదు. ఖమ్మంలో పుట్టి పెరిగి, భద్రాచలం అడవి అంచున ఓ ఐటీఐలో ఫిట్టర్ ట్రేడ్ నేర్పే మాస్టారు కూడా చాలా ఏళ్లు ఆ జవాబును నమ్మారు. నమ్మి, బోర్డు తుడిచి, తర్వాతి పాఠంలోకి వెళ్లిపోయేవారు.

ఓ ఫిబ్రవరి సాయంత్రం చర్ల అవతల ఓ కోయగూడెంలో, సగం బిగించిన తలుపు ముందు నిలబడ్డాక ఆయనకు ఆ నమ్మకం పోయింది.

మిరపతోటల మీద నెపం

మాస్టారు పనిమంతుడే. ఉద్యోగంలో చేరకముందు కొన్నేళ్లు ఖమ్మంలో ఓ వర్క్‌షాపులో లేత్ మీద పనిచేశారు. ఇనుప ముక్కను వేలితో తడిమి ఎక్కడ మిట్ట ఉందో, ఎక్కడ పల్లం ఉందో చెప్పగలరు. చేతికి ఇంత బాగా వచ్చిన పనిని నేర్పడం ఎంతసేపు అనుకున్నారు.

పాఠం మాత్రం ఆయన తన చదువుకునే రోజుల్లో విన్నట్టే చెప్పేవారు. గంటసేపు నోట్స్ రాయించడం. బోర్డు మీద బొమ్మ గీయడం. వర్క్‌షాపులో తాను ఒకసారి చకచకా చేసి చూపించడం. ‘ఇక మీరు చెయ్యండి’ అనడం. నలుగురు చేసేవారు. మిగతావాళ్లు చుట్టూ నిలబడి చూసేవారు.

సంక్రాంతి దాటాక తరగతి పలచబడేది. జనవరి నుంచి మిరప కోతలు. ఆ తర్వాత ఇప్పపూలు, తునికాకు. కూలి డబ్బులు చేతిలో పడే కాలంలో పిల్లలు బడికేం వస్తారు? స్టాఫ్‌రూంలో అందరిదీ అదే మాట. మాస్టారిదీ అదే మాట. అందులో కొంత నిజం లేకపోలేదు. కానీ ఆ నెపం చాటున ఇంకేదో దాక్కుందని ఆయనకు తట్టలేదు.

ఆ ఏడాది మానేసినవాళ్లలో ఓ కోయ కుర్రాడున్నాడు. పదో తరగతి పాసై చేరాడు. నోట్స్ ముత్యాల్లా రాసేవాడు. తరగతిలో పెదవి విప్పేవాడు కాదు. ప్రాక్టికల్ పరీక్ష రోజు వెర్నియర్ కాలిపర్ చేతికిచ్చి, రాడ్డు మందం ఎంతో చెప్పమంటే దాన్ని అటూ ఇటూ తిప్పి, బల్ల మీద పెట్టేసి బయటికి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

తలుపు సందులో వెలుగు

పదిహేను రోజులు చూసి, ఓ సెలవురోజు మాస్టారు బండి తీశారు. వాగు దాటి, మట్టిదారిలో అడుగుతూ అడుగుతూ గూడెం చేరేసరికి పొద్దు వాలుతోంది.

కుర్రాడు ఇంటికి కొత్త తలుపు చేస్తున్నాడు. చేతిలో టేపు లేదు. ద్వారబంధం వెడల్పుకు సరిగ్గా ఓ వెదురు పుల్ల కోసుకుని, దాంతోనే చెక్కలు కొలుస్తున్నాడు. ఒక చెక్క అంచు మీద తిన్నగా ఉన్న బద్దను నిలబెట్టి, ఎండకు ఎదురుగా పట్టుకుని, కన్ను చికిలించి చూస్తున్నాడు. బద్ద కింద నుంచి వెలుగు తొంగి చూసినచోట పల్లం. వెలుగు రానిచోట మిట్ట. ఆ మిట్ట మీద ఉలి ఆడించి మళ్లీ ఎండకు పెడుతున్నాడు.

మాస్టారికి నోట మాట రాలేదు. ఫిట్టర్ ట్రేడులో మొదటి నెలల్లో నేర్పే పని అదే మరి! ఆకురాయితో రాకిన ఇనుప ముక్క మీద ట్రై స్క్వేర్... అదే, వడ్రంగులు మూలమట్టం అంటారే, దాన్ని నిలబెట్టి వెలుగుకు ఎదురుగా చూడాలి. ఈ పాఠాన్ని ఆయన ఒకటిన్నర పేజీ నోట్స్‌గా రాయించారు. ఈ కుర్రాడికి అది ముందే వచ్చు. వచ్చని ఆయనకు తెలియదు. తనకు వచ్చింది అదేనని కుర్రాడికీ తెలియదు.

‘ఎందుకు మానేశావురా?’ అనడిగారు.

చాలాసేపు చెప్పలేదు. చివరికి తల దించుకునే అన్నాడు. ‘మీరు చెప్పేది బస్సు పోయినట్టు పోతది సార్. ఆపుదామంటే అందరు నవ్వుతరు.’

తిరుగుదారి పొడుగునా మాస్టారి చెవిలో ఆ బస్సు పోతూనే ఉంది.

నాలుగు మెట్లు

నిజానికి ఆయనకు పద్ధతి తెలియనిదేం కాదు. ఐటీఐ చదువులకు మూలమైన శిక్షణ పథకం మన దేశంలో 1950లో మొదలైంది. నేర్పేవాళ్లకు నేర్పే సంస్థలూ ఆ తర్వాత వచ్చాయి. హైదరాబాద్ విద్యానగర్‌లో అలాంటి కేంద్ర సంస్థ ఉంది. మాస్టారూ ఇన్‌స్ట్రక్టర్ కోర్సు చేసినవారే. అందులో చెప్పే నాలుగు మెట్లు ఆయనకు కంఠతా వచ్చు.

మొదటిది, నేర్చుకునేవాణ్ణి సిద్ధం చేయడం. వాడికి ఇప్పటికే ఏం తెలుసో కనుక్కోవడం. రెండోది, చేసి చూపించడం. మూడోది, వాడితో చేయించడం. నాలుగోది, వచ్చిందో లేదో పరీక్షించడం. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో అమెరికాలో ఓడలు కట్టే పనివాళ్లకు త్వరగా పని నేర్పాల్సి వచ్చినప్పుడు చార్లెస్ అలెన్ అనే ఆయన ఈ పద్ధతిని గట్టిగా వాడారు. 1919లో పుస్తకంగానూ రాశారు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా కర్మాగారాలు దాన్నే మెరుగుపరిచి వాడుకున్నాయి. యుద్ధం ముగిశాక అది జపాన్ చేరింది. పనివాడికి పని రాలేదంటే నేర్పేవాడు సరిగా నేర్పలేదని ఒప్పుకోవడమే దాని సారం.

మాస్టారు తన నోట్సు తీసి చూసుకున్నారు. మొదటి మెట్టును ఆయన ఏనాడూ ఎక్కలేదు. నాలుగో మెట్టు పేరుతో ‘అర్థమైందా?’ అని అడిగేవారు, అంతే!

నోరు ఒకరిది... చేయి ఒకరిది

ముందుగా ఆ ప్రశ్న మానేశారు. దాని బదులు ‘ఇప్పుడు నేనేం చేశాను? ఎందుకు చేశాను?’ అని అడగడం మొదలుపెట్టారు. ఒకోసారి కావాలనే తప్పు చేసేవారు. హ్యాక్సా బ్లేడును తిరగేసి బిగించి, కోస్తున్నట్టు నటించేవారు. పళ్లు ముందుకు చూడాలి, ముందుకు నెట్టినప్పుడే కోత పడాలి. నోట్స్‌లో ఎన్నిసార్లు రాసినా పట్టనిది, సారు తప్పు పట్టుకునే సరదాలో పట్టేసింది.

చూపించే తీరూ మారింది. మొదటిసారి మాట్లాడకుండా మామూలు వేగంతో. రెండోసారి నెమ్మదిగా, ప్రతి అడుగూ చెబుతూ. మూడోసారి పిల్లలు చెబుతుంటే ఆయన చేయాలి. వాళ్లు చెప్పనిది ఆయన చెయ్యరు. నాలుగోసారి పిల్లలే చెబుతూ చేయాలి.

అన్నీ మొదట్లోనే కుదరలేదు. వచ్చినవాణ్ణీ రానివాణ్ణీ జతగా కూర్చోబెడితే వచ్చినవాడే పనంతా చేసేసి, రెండోవాడితో పనిముట్లు మోయించాడు. వారం తర్వాత మాస్టారు ఓ నియమం పెట్టారు. వచ్చినవాడు చేతులు వెనక్కి కట్టుకోవాలి. నోటితోనే చెప్పాలి. రానివాడే చేయాలి. ఆ రోజు నుంచి వర్క్‌షాపులో గోల పెరిగింది, ఖాళీగా నిలబడేవాళ్లు తగ్గారు.

భాష ఇంకో చిక్కు. పనిముట్ల పేర్లు ఇంగ్లిషులో, వివరణ తెలుగులో, ఇంటి మాట కోయలో. తెలుగులో ఏరంటే వాగు. కోయలో ఏరంటే నీళ్లు. ఒకే మాట రెండిళ్లలో రెండు రకాలుగా బతుకుతుంటే, పాఠం ఎక్కడ జారిపోతుందో ఎవరికి తెలుస్తుంది? అందుకే జతలో కోయ పిల్లలిద్దరుంటే వాళ్ల భాషలోనే చెప్పుకోనిచ్చారు. మాస్టారికి మాట తెలియకపోయినా చెయ్యి తెలుస్తుంది కదా!

అన్నిటికన్నా ఆయన పట్టుదలగా చేసింది అట్ట వెర్నియర్. సెంటీమీటరుకో గీత ఉన్న పొడుగాటి అట్ట ఒకటి. దాని పక్కన జరిపేందుకు తొమ్మిది సెంటీమీటర్ల అట్ట ముక్క మరొకటి. ఈ ముక్కను పది సమభాగాలు చేస్తే ఒక్కో భాగం తొమ్మిది మిల్లీమీటర్లు. అంటే పెద్ద అట్ట గడికన్నా ఒక మిల్లీమీటరు తక్కువ. ఆ చిన్న తేడాలోనే వెర్నియర్ కిటుకంతా ఉంది. రెండు అట్టల మీదా ఏ గీతలు కలిశాయో చూస్తే, సెంటీమీటర్ల స్కేలుతోనే మిల్లీమీటర్లు చెప్పొచ్చు. అట్ట మీద ఇది పట్టుబడ్డాక అసలు పరికరం చేతికిచ్చేవారు. అందులో 49 మిల్లీమీటర్లను 50 భాగాలు చేసి ఉంటారు. 0.02 మిల్లీమీటర్ల తేడా కూడా తెలుస్తుంది. అట్టలు పిల్లలే కోసుకున్నారు, గీతలూ వాళ్లే గీసుకున్నారు.

యంత్రాలు మారినా...

ఈ చుట్టుపక్కల ఫిట్టర్‌కు పని లేకపోలేదు. కొత్తగూడెంలో సింగరేణి కేంద్ర కార్యాలయం, పాల్వంచ, మణుగూరుల్లో విద్యుత్ కేంద్రాలు, సారపాకలో కాగితపు మిల్లు. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద శిక్షణకు వెళ్లే దారీ ఉంది. ఊరు వదలకుండా బతకడానికి పిల్లవాడికి ఉన్న కొద్ది దారుల్లో ఇదొకటి. అందుకే ఒక్కడు మానేసినా అది హాజరుపట్టీలో గీతతో పోయేది కాదు.

తెలంగాణలో 2024లో 65 ఐటీఐలను అధునాతన సాంకేతిక కేంద్రాలుగా మార్చే పని మొదలైంది. కంప్యూటర్‌తో నడిచే యంత్రాలు, రోబోలు వస్తున్నాయి. మంచిదే. అయితే యంత్రం ఎంత కొత్తదైనా, దాని ముందు భయంగా నిలబడే పిల్లవాడు మాత్రం పాతవాడే. వాడికి ముందే ఏం తెలుసో అడిగేవాళ్లు కావాలి.

ఆ కుర్రాడి సంగతేమైందంటారా? ఆ ఏడాది హాజరు చాలలేదు. తర్వాత ఓ ట్రాక్టర్ల షెడ్డులో చేరాడు. ఓ మధ్యాహ్నం సంతకు వచ్చి, దారిలో ఐటీఐ దగ్గర ఆగాడు. వర్క్‌షాపు గుమ్మంలో నిలబడి గోడకు వేలాడుతున్న అట్టల వంక చూశాడు. మాస్టారు ఏమీ చెప్పలేదు. అట్టలు తీసి చేతికిచ్చారు. కుర్రాడు జరిపాడు. ఆగాడు. గీతలు కలిసినచోట వేలు పెట్టి కొలత చెప్పాడు. సరిగ్గానే చెప్పాడు.

‘అప్పుడే ఇట్ల చూపిస్తే ఉండేటోణ్ణి గద సార్’ అన్నాడు నవ్వుతూ.

మాస్టారు నవ్వలేకపోయారు. ప్రవేశాల ప్రకటన ఎప్పుడొస్తుందో, ఏయే కాగితాలు కావాలో ఓ చీటీ మీద రాసిచ్చారు. కుర్రాడు దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. వస్తాడో రాడో! ఫిట్టర్ దరఖాస్తులు వచ్చిన ప్రతిసారీ మాస్టారు ముందు ఊరి పేర్లు చూస్తారు.