వరి వేరుకి పట్టిన తుప్పు

మాది రాజోలు పక్క ఊరు. ఊడ్చిన నెలకి వరి దుబ్బు ఒకటి పీకి చూడండి, వేళ్లు ఎర్రగా ఉంటాయి. బురద మరక కాదది, నిజంగా తుప్పే!

నీళ్లు నిలిచిన మట్టిలో గాలి ఆడదు. అక్కడి సూక్ష్మజీవులు ఆక్సిజన్‌కి బదులు ఇనుమును వాడుకుంటాయి. దాంతో ఇనుము నీళ్లలో కరిగిపోతుంది. అది మోతాదు మించితే వేళ్లకు విషం. అందుకే వరి తన కాండంలో, వేళ్లలో సన్నటి ఖాళీ గొట్టాలు చేసుకుని ఆకుల నుంచి గాలిని కిందికి దింపుతుంది. వేరు నుంచి బయటికి కారే ఆ కాస్త ఆక్సిజన్ తగిలి, ఇనుము తుప్పుగా మారి వేరు పైనే ఆగిపోతుంది. ఫస్టియర్ కెమిస్ట్రీలో తుప్పును ఎలా ఆపాలో ఒక యూనిట్ మొత్తం చదివాం. వరేమో దాన్నే తొడుక్కుని కూర్చుంది.

అయితే ఆకు కొస నీళ్ల పైన ఉన్నంతసేపే ఈ ఏర్పాటు. మునిగితే అంతే. మన మారుటేరు స్వర్ణకి ఒడిశా వరి నుంచి తెచ్చిన జన్యువు కలిపి 2009లో స్వర్ణ సబ్-1 విడుదల చేశారు. ముంపులో ఎదుగుదల ఆపేసి, ఒంట్లో శక్తి దాచుకుని, రెండు వారాల దాకా తట్టుకుంటుంది. మా వైపు డ్రెయిన్ల నిండా గుర్రపుడెక్క, పూడిక. 2011లో కోనసీమ రైతులు క్రాప్ హాలిడే అని సార్వా మానేసినప్పుడు చెప్పిన కారణాల్లో ఈ ముంపూ ఒకటి.

"సబ్-1 వేద్దాం తాతయ్యా" అన్నాను మొన్న.

"వేద్దాంలేరా. ముందు ఆ మురుక్కాలవ తవ్వించమను."