సముద్రం మీద తంజావూరు బొమ్మ

జూన్‌లో ఓ ఉదయం సెంటోసా నుంచి తెరచాప పడవలో లాజరస్ ద్వీపానికి బయలుదేరాం. దారిలోనే పడమర నల్లబడింది. "సుమత్రా స్క్వాల్!" అంటూ పడవ నడిపే ఆయన గబగబా చాప దించేశాడు. ఏప్రిల్ నుంచి నవంబరు దాకా సుమత్రా వైపు నుంచి విరుచుకుపడే గాలివాన అది. గాలి గంటకు 80 కిలోమీటర్ల దాకా వీస్తుందట.

పడవ ఒరిగింది. లైఫ్‌జాకెట్‌లో ముడుచుకున్న మా పాప, "మునిగిపోతామా అమ్మా?" అంది. నా చేతులూ వణుకుతున్నాయి. అప్పుడే బీఎస్సీలో చదివిన గరిమనాభి గుర్తొచ్చింది. "పడవ అడుగున పెద్ద బరువుంటుంది తల్లీ. తంజావూరు బొమ్మలా ఒరిగినా మళ్ళీ లేస్తుంది."

ఒరిగినప్పుడల్లా "లేచింది!" అంటూ లెక్కపెట్టింది. పదిహేడోసారికి వాన తగ్గింది.

పెళ్ళయ్యాక అటకెక్కిన నా డిగ్రీ, ఆ రోజు మా ఇద్దరికీ ధైర్యం చెప్పింది.